లెక్కల్లో ఉంటాం, జాబితాలో ఉండం

టెక్సస్‌లో పౌరులకు ఇచ్చే డ్రైవింగ్ లైసెన్సు ఎనిమిదేళ్ళు చెల్లుతుంది. నాలాగా హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద పనిచేసేవారికి ఇచ్చేది మాత్రం ఈ దేశంలో ఉండడానికి అనుమతి ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే చెల్లుతుంది. కార్డు మీద ‘పరిమిత కాలం’ అని అచ్చువేసి మరీ ఇస్తారు. పోయిన శీతకాలంలో నా అనుమతిని మూడేళ్ళకు పొడిగించారు. ఆ కాగితం పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళితే అక్కడి ఉద్యోగిని ఎంతో మర్యాదగా కాగితాలన్నీ స్కాన్ చేసి, నా వివరాలను ఫెడరల్ ప్రభుత్వ రికార్డులతో సరిచూడడానికి పంపింది. జవాబు వెంటనే రాలేదు. అదనపు పరిశీలన అవసరమని ఒక చీటీ నా చేతిలో పెట్టింది. నా భార్య లైసెన్సు కూడా నా అనుమతికే ముడిపడి ఉంటుంది కాబట్టి ఇద్దరి గడువూ ఒకే రోజున తీరిపోయింది. డాలస్ శివార్లలో కారు నడపలేని మనిషిని గదిలో పెట్టి గొళ్ళెం వేసినట్టే. పదహారు రోజులపాటు పక్కవీధి నెల్లూరాయన కారులో ఆఫీసుకు వెళ్ళాను. ఆయనకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఈ బాధ లేదు, సలహాలు మాత్రం దారిపొడవునా ఇచ్చాడు.

ఆ ప్రయాణాల్లో నాకు బోధపడిన సంగతి ఒకటుంది. వాషింగ్టన్‌లో పుట్టిన తగువు మా ఇంట్లోకి రావాలంటే రాష్ట్రం, కౌంటీ, ఊరు అనే మూడు వాకిళ్ళు దాటాలి. దాటిన ప్రతి వాకిట్లోనూ దానికి కొత్త రంగు అంటుకుంటుంది.

మా పినతండ్రి కొడుకు శాన్ హోసేలో ఉంటాడు. ఇద్దరిదీ ఒకే వీసా, ఒకే రకం పని. 2017లో అతని రాష్ట్రమైన కాలిఫోర్నియా, స్థానిక పోలీసులు వలస చట్టాల అమలులో ఫెడరల్ అధికారులకు చేసే సాయాన్ని చాలామటుకు నిషేధిస్తూ ఎస్‌బి 54 అనే చట్టం చేసింది. అదే ఏడాది మా రాష్ట్రం, అటువంటి సాయాన్ని అడ్డుకునే నగరాలను, అధికారులను శిక్షిస్తామంటూ ఎస్‌బి 4 చట్టం తెచ్చింది. ఆపిన మనిషిని వలస స్థితి గురించి అడగవద్దని పోలీసులకు నగరం చెప్పకూడదన్నది అందులో ఒక అంశం. ఈ చట్టాల గురి అనుమతి లేకుండా ఉంటున్నవారి మీదే. అయినా రోడ్డు మీద పోలీసు ఆపితే తమ్ముడు లైసెన్సు ఒక్కటే తీసి చూపిస్తాడు, నేను మాత్రం అనుమతి పత్రం నకలు కూడా కారు అరలో పెట్టుకుని తిరుగుతాను.

ఒక రాష్ట్రానికి ఇంత చొరవ ఎక్కడిదని కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు అడుగుతుంటారు. మనం చూస్తూ పెరిగిన సమాఖ్య వేరు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. మూడు వారాలు తిరక్కుండానే లోక్‌సభ దానిని ఆమోదించింది. మన రాజ్యాంగంలోని మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఆమోదం అక్కర్లేదు. ఇక్కడి రాజ్యాంగం ప్రకారం ఒక రాష్ట్రాన్ని చీల్చి మరొకటి చేయాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకుని తీరాలి. అంత బిగువైన పునాది ఉన్న రాష్ట్రం కేంద్రానికి ఎదురుతిరిగితే అది తీర్మానాలతో, ధర్నాలతో ఆగిపోదు. 2024 జనవరిలో, రియో గ్రాండే నది ఒడ్డున ఉన్న ఈగిల్ పాస్ అనే ఊళ్ళో, షెల్బీ పార్కును టెక్సస్ నేషనల్ గార్డు, అంటే మామూలుగా గవర్నరు కింద ఉండే రాష్ట్ర సైనిక దళం, స్వాధీనం చేసుకుని, సరిహద్దు కాపలా కాయవలసిన ఫెడరల్ సిబ్బందినే లోపలికి రానివ్వలేదు. నది ఒడ్డున రాష్ట్రం పరిచిన ముళ్ళతీగను ఫెడరల్ సిబ్బంది తొలగించవచ్చని ఆ నెలలోనే సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పవలసి వచ్చింది. ఇంతకూ ఆ పార్కు రాష్ట్రానిదీ కాదు, కేంద్రానిదీ కాదు, ఊరిది.

అప్పుడు వాషింగ్టన్‌లో బైడెన్ ఉన్నాడు, రాష్ట్రాల హక్కులని గొంతెత్తినవారు రిపబ్లికన్లు. ట్రంప్ మళ్ళీ గద్దెనెక్కగానే ఆ వాదన డెమొక్రాట్ల నోట వినిపించసాగింది. 2025 అక్టోబరులో ఇల్లినాయ్ గవర్నరు వద్దు మొర్రో అంటున్నా సుమారు 200 మంది టెక్సస్ గార్డు సైనికులు చికాగో ప్రాంతానికి వెళ్ళారు. తన నది ఒడ్డున ఫెడరల్ మనుషులను అడుగుపెట్టనివ్వని రాష్ట్రమే, ఫెడరల్ పని మీద ఇంకొకరి గడపలోకి మనుషులను పంపడానికి సరేనంది. కేంద్రం మిథ్య అన్న ఎన్టీఆర్ మాట చెవిన పడుతూ పెరిగిన తరం మాది. ఢిల్లీలో పరాయివాడుంటే రాష్ట్రాల హక్కులు, సొంతవాడుంటే జాతి ప్రయోజనాలు అనే ఈ వేషాల మార్పు మాకేమీ వింత కాదు. ఇక్కడ పగటివేషగాళ్ళ చేతికి తుపాకులు కూడా ఉండడమే కొంచెం కంగారు పెట్టే విషయం.

మా వీసా దగ్గరికి వస్తే ఈ చీలిక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ ప్రకటన వెలువడింది. సెలవు మీద విజయవాడ వెళ్ళిన మా సహోద్యోగి ఒకడు చెల్లెలి నిశ్చితార్థం విడిచిపెట్టి ఆ రాత్రికి రాత్రే విమానం టికెట్టు కొన్నాడు. ఇప్పటికే వీసా ఉన్నవారికి ఇది వర్తించదన్న వివరణ వచ్చేసరికి అతను దోహాలో ఉన్నాడు. ఆ డిసెంబరులో కాలిఫోర్నియా, మసాచుసెట్స్ ముందుండి మొత్తం 20 రాష్ట్రాలు ఆ ప్రకటనను సవాలు చేస్తూ కోర్టుకెక్కాయి. మా రాష్ట్రం ఆ జాబితాలో లేదు సరికదా, 2026 జనవరిలో గవర్నరు గ్రెగ్ ఆబట్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థలూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలూ 2027 మే 31 వరకు కొత్త హెచ్-1బి దరఖాస్తులు పెట్టవద్దని ఆదేశించారు. వీసా ఇచ్చే అధికారం గానీ రద్దుచేసే అధికారం గానీ ఏ రాష్ట్రానికీ లేదు. కానీ రాష్ట్రం కూడా ఒక యజమానే. యజమాని దరఖాస్తు పెట్టకపోతే వీసా పుట్టదు కాబట్టి, లేని అధికారాన్ని ఆ దారిన వాడుకోవచ్చు.

అధికారం లేని చోట వాదన ఇంకా గట్టిగా వినిపిస్తుందని నాకు తెలిసింది మా ఊరి సిటీ కౌన్సిల్ సమావేశంలో. నేను వెళ్ళింది వీసాల కోసం కాదు. మా వీధి చివర పిల్లలు బడికి రోడ్డు దాటేచోట సిగ్నల్ పెట్టాలని అర్జీ ఇవ్వడానికి వెళ్ళాను. కౌన్సిల్ ముందు మాట్లాడడానికి ఓటు హక్కు అక్కర్లేదు; పేరు, చిరునామా రాసిచ్చి నిరీక్షిస్తే మూడు నిమిషాలు ఇస్తారు. ఎదురుగా గోడ మీద గడియారం 3:00 నుంచి వెనక్కి నడుస్తుంది, చివరి అరనిమిషంలో అంకెలు ఎర్రబడతాయి. నాకంటే ముందు పేరిచ్చిన ఏడుగురిలో ఆరుగురు హెచ్-1బి గురించే మాట్లాడారు. ఒకాయన ఉద్యోగాలన్నాడు, ఒకావిడ బడుల్లో పిల్లల సంఖ్య అంది, మరొకాయన షుగర్‌ల్యాండ్‌లో 2024లో ప్రతిష్ఠించిన తొంభై అడుగుల హనుమంతుడి విగ్రహం ఫొటో పట్టుకొచ్చాడు. అది మా ఊరికి నాలుగు గంటల దూరంలో ఉంది. కౌన్సిల్ సభ్యులు తలవంచుకుని విన్నారు. ఎజెండాలో లేని విషయం మీద చర్చించకూడదని టెక్సస్ బహిరంగ సమావేశాల చట్టం చెబుతుంది కాబట్టి వాళ్ళు ఖండించాలన్నా, సమర్థించాలన్నా వీలు లేదు. ఆ మౌనం వెనుక కొందరు ఊపిరి పీల్చుకున్నట్టే నాకు తోచింది. ఏడో వ్యక్తి ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చి పౌరసత్వం తీసుకున్న మన గోదావరి జిల్లా పెద్దాయన. మేము కట్టే పన్నుల గురించి చక్కగా చెప్పాడు గానీ, ఆయన కూడా ఆ గదిలో ఎవరికీ సంబంధం లేని గ్రీన్‌కార్డు కోటా మీదే మూడు నిమిషాలూ ఖర్చుపెట్టాడు.

నా వంతు వచ్చేసరికి హాలు సగం ఖాళీ అయింది. నేను సిగ్నల్ గురించి చెప్పాను. సమావేశం అయ్యాక నగర సిబ్బందిలో ఒకరు నా దగ్గరికి వచ్చి, ఆ రోడ్డు పేరు ముందు ‘ఫామ్ టు మార్కెట్’ అన్న మాట ఉంది చూశారా, పూర్వం పొలాల నుంచి సంతకు వేసిన రోడ్లవి, వాటి నిర్వహణ రాష్ట్రానిది, సిగ్నల్ కావాలంటే రాష్ట్రాన్నే అడగాలి అని ఓపికగా వివరించారు. ఆ సాయంత్రం హాల్లో ఎనిమిది మందిమి మాట్లాడాం. ఒక్కరి అర్జీ కూడా ఆ ఊరి చేతిలో లేదు.

ఊరి కౌన్సిల్‌కు, బడుల బోర్డుకు ఎన్నికలు మే నెల మొదటి శనివారం జరుగుతాయి. బ్యాలెట్ మీద పార్టీ పేరుండదు. మన సర్పంచి ఎన్నికల్లోనూ పార్టీ గుర్తుండదు, అయినా ఎవరు ఎవరి మనిషో ఊళ్ళో మేకలు కాసేవాడికి కూడా తెలుసు. ఇక్కడ ఇదివరకు నిజంగానే తెలిసేది కాదని, అభ్యర్థులు మురుగునీటి గొట్టాల గురించి, పార్కుల గురించే మాట్లాడేవారని పాతకాపులు చెబుతారు. ఇప్పుడు తలుపు తట్టే ప్రతి అభ్యర్థినీ ముందు ట్రంప్ గురించి అడుగుతారు, తర్వాతే గొట్టాల గురించి. రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఇక్కడ ఆస్తి పన్నే ఆధారం, అందులో పెద్ద వాటా బడులది. నా ఇంటి మీద ఏటా వేలల్లో వచ్చే ఆ నోటీసు ఎంత ఉండాలో తేల్చేవారి ఎన్నికలో నాకు ఓటు లేదు. గ్రీన్‌కార్డు లేని విదేశీయుడు ఏ స్థాయి ఎన్నికకూ చందా ఇవ్వకూడదన్నది ఫెడరల్ చట్టం, బడుల బోర్డు అభ్యర్థికి ఇరవై డాలర్లయినా సరే.

ఓటు లేకపోయినా లెక్కలో మాత్రం మమ్మల్ని వదలరు. 2020 జనాభా లెక్కల తర్వాత టెక్సస్ లోక్‌సభ స్థానాలు, అంటే ఇక్కడి ప్రతినిధుల సభ స్థానాలు, 36 నుంచి 38కి పెరిగాయి. ఆ లెక్కలో పౌరులూ ఉన్నారు, మాలాంటివారూ ఉన్నాం. ఓటర్లను మాత్రమే లెక్కపెట్టి నియోజకవర్గాలు గీయాలని ఈ రాష్ట్రం నుంచే ఎవెన్‌వెల్ అనే వ్యాజ్యం వెళితే, మొత్తం జనాభాను బట్టి గీయడం తప్పు కాదని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. 2030 జనగణన కోసం ఆగకుండానే, ట్రంప్ కోరిక మీద, రిపబ్లికన్లకు అదనంగా అయిదు స్థానాలు దక్కేలా 2025 ఆగస్టులో మా శాసనసభ గీతలు మళ్ళీ గీసింది. కోరం లేకుండా చేయడానికి యాభైమందికి పైగా డెమొక్రాట్ సభ్యులు రాష్ట్రం విడిచి, ఎక్కువమంది ఇల్లినాయ్‌కి వెళ్ళి, రెండు వారాలు అక్కడే కూర్చున్నారు. రిసార్టు రాజకీయాలు చూసిన మా ఆఫీసు తెలుగువాళ్ళకు ఆ రెండు వారాలు ఇంటి మీద బెంగ తీరిపోయింది. కాలిఫోర్నియా ఊరుకోలేదు; నవంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి తన గీతలను డెమొక్రాట్లకు అనుకూలంగా మార్చుకుంది. మన దక్షిణాది రాష్ట్రాలు డీలిమిటేషన్ అంటే బెదిరేది ఢిల్లీని చూసి. ఇక్కడ గీతలు గీసే కలం చాలా రాష్ట్రాల్లో ఆ రాష్ట్రపు అధికార పార్టీ చేతిలోనే ఉంటుంది, చెయ్యి పట్టి రాయించేది మాత్రం వాషింగ్టన్.

కొత్త పటంలో మా వీధి ఏ నియోజకవర్గంలో పడిందో ఏప్రిల్‌లో తలుపు తట్టిన ఒకావిడ చెప్పింది. ఆమె మాత్రం బడుల బోర్డుకు పోటీ చేస్తోంది. మాకు ఓటు లేదన్నాను. పోనీ మీ పచ్చికలో నా పేరున్న బోర్డు పెట్టుకోనిస్తారా అని అడిగింది. ఎన్నికకు ముందు తొంభై రోజులు ఇంటి ముందు ప్రచార బోర్డు పెట్టుకోవడాన్ని కాలనీ సంఘాలు కూడా కాదనకూడదని ఇక్కడ చట్టం ఉంది. నేను ఆలోచిస్తుండగానే వెనుక నుంచి మా ఆవిడ, “ఏమండీ, లైసెన్సు ఇంకా పోస్టులో రాలేదు, గుర్తుందా?” అంది తెలుగులో. వచ్చినావిడకేమి అర్థమైందో గానీ, ఫరవాలేదు అని నవ్వి కరపత్రం చేతికిచ్చి పక్కింటికి వెళ్ళింది. పక్కింటి పచ్చికలో అప్పటికే ఆమె ప్రత్యర్థి బోర్డు ఉంది.