కేదారం దారిలో మామ్మగారి కండీ

హరిద్వార్ నుంచి సోన్‌ప్రయాగ్ దాకా బస్సు ప్రయాణం గురించి పెద్దగా రాయను. రుద్రప్రయాగ్ దాటాక ట్రాఫిక్‌లో గంటల తరబడి ఇరుక్కోవడం, సోన్‌ప్రయాగ్‌లో రిజిస్ట్రేషన్ కాగితం చూపించడం, అక్కణ్ణించి నడక మొదలయ్యే గౌరీకుండ్‌కి ఐదు కిలోమీటర్ల దూరానికి జీపులో కుక్కుకుని కూర్చోవడం, కేదార్‌నాథ్ వెళ్లినవాళ్లందరికీ ఇదంతా తెలిసిందే. నేను చెప్పాలనుకుంటున్నది నడక దారిలో కలిసిన ఇద్దరు మనుషుల గురించి.

జంగిల్ చట్టీ దగ్గర టీ తాగుతుంటే "దింపు నాయనా, నీ నడుం పడిపోతుంది, దింపు" అని అచ్చం మన గోదావరి మాట వినబడింది. చూస్తే కండీలో ఒక మామ్మగారు. కండీ అంటే మనిషి కూర్చునే బుట్ట, మోసేవాళ్లు దాన్ని వీపుకి ఎత్తుకుని పట్టీని నుదుటికి తగిలించుకుంటారు, కూర్చున్నవాళ్ల ముఖం వెనక్కి తిరిగి ఉంటుంది. మోస్తున్నతను నేపాల్ నుంచి వచ్చినవాడు, బక్కపల్చగా ఉన్నాడు. ఆవిడకి హిందీ రాదు, అతనికి తెలుగు రాదు. ఆవిడ దింపమన్న ప్రతిసారీ భయపడుతోందనుకుని "డరో మత్ మాతాజీ" అంటూ ఇంకా నెమ్మదిగా అడుగులేస్తున్నాడు. నాకొచ్చిన అరకొర హిందీతో అసలు సంగతి చెబితే ఒక్క నిమిషం ఆగి, నవ్వి, మళ్లీ నడక మొదలుపెట్టాడు. ఇక అక్కణ్ణించి వాళ్లతోనే నడిచాను.

కొడుకూ కోడలూ గుర్రాల మీద ముందు వెళ్లిపోయారట, ఈవిడకి గుర్రమంటే భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. గుర్రాలంటారు గానీ ఎక్కువ కంచరగాడిదలే, ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వస్తుంటే నడిచేవాళ్లు లోయ వైపు కాకుండా కొండ వైపు ఒదిగి నిలబడాలి, లేకపోతే ప్రాణానికే ప్రమాదం. వాటి మీద బరువులు, దెబ్బలు చూస్తే నాకు కోపం, బాధ రెండూ వచ్చాయి.

రాంబాడా అని ఇంకా అందరూ అంటారు గానీ ఆ ఊరు 2013 జూన్ వరదలో కొట్టుకుపోయింది. పాత దారి 14 కిలోమీటర్లు ఉండేది, ఇప్పుడు ఇక్కడ మందాకిని నది మీద వంతెన దాటి అవతలి ఒడ్డున కొత్త దారి ఎక్కాలి, మొత్తం 16 పైనే. ఈ వంతెన తర్వాతే అసలు ఎక్కుడు. కండీ మోస్తున్నతని చేతిలో ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో ఒక పొట్టి కర్ర ఉంది, చేతికర్ర అనుకున్నాను. అలసినప్పుడు దాన్ని వెనక్కి పెట్టి బుట్ట అడుగుని దాని మీద ఆనిస్తాడు. కూర్చోడు, బుట్ట దించడు, నిలబడే నాలుగు ఊపిర్లు పీల్చి మళ్లీ కదులుతాడు. మామ్మగారు అది చూసి ఊరుకోలేకపోయారు. కాస్త చదునుగా ఉన్నచోటల్లా దిగి నా చెయ్యి పట్టుకుని నడిచారు. లించోలి దగ్గర కింద ఇరవై ఉన్న నీళ్ల సీసా యాభై అన్నాడు కొట్టువాడు, కొన్నాం, అది కూడా ఎవరో ఒకరు మోసుకొచ్చిందే కదా.

గుడి తెరిచిన దగ్గర్నించి భగినీహస్త భోజనం నాడు మూసేదాకా ఇక్కడే పనట అతనికి, తర్వాత ఊరెళ్లి పొలం చూసుకుంటాడు. సోన్‌ప్రయాగ్ నుంచి గుడి దాకా 12.9 కిలోమీటర్ల రోప్‌వేకి 2025 మార్చిలో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది, అది పూర్తయితే 36 నిమిషాల్లో పైకి చేరొచ్చు. ఆ మాట ఎత్తితే "మాతాజీలకి మంచిదే, నేను వేరే పని చూసుకోవాలి" అన్నాడు, ఇంకేమీ అనలేదు. మామ్మగారి వయసు వాళ్ల కోసం రోప్‌వే రావాలనే నేనూ అంటాను. కానీ ఇన్నేళ్లూ మనుషుల్ని మోసినవాళ్లకి అందులో ఏదో ఒక పని ఇవ్వాలి.

పైన బేస్ క్యాంప్ దగ్గర కొడుకు ఎదురుచూస్తున్నాడు. డబ్బులిచ్చేటప్పుడు "అమ్మ చాలా దూరం నడిచిందట కదా, కొంచెం తగ్గించుకో" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే మామ్మగారు "నేను నడిచింది వాడి మీద జాలితోరా, నీ డబ్బులు మిగల్చడానికి కాదు" అని బొడ్డులోంచి చిన్న సంచీ తీసి, ఒప్పుకున్నదాని మీద ఇంకో రెండొందలు కలిపి అతని చేతిలో పెట్టారు. అతను కళ్లకద్దుకుని తీసుకుని, మళ్లీ ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాడు.

మర్నాడు తెల్లవారుజామునే క్యూలో నిలబడ్డాం. 11,755 అడుగుల ఎత్తులో ఆ చలికి వేళ్లు మొద్దుబారిపోయాయి. లోపల శివుణ్ణి మా చేత్తో తాకి నెయ్యి రాయనిచ్చారు, లింగం కొండరాయిలా మూడు పలకలుగా ఉంటుంది. "శ్రీశైలంలో తాకాను, ఇక్కడా తాకాను" అని మామ్మగారు బయటికొచ్చి ఏడ్చేశారు. నాకూ ఏడుపొచ్చింది. ఇక్కడి ప్రధాన అర్చకులు రావల్‌గారు వీరశైవులని, వాళ్ల పంచపీఠాల్లో కేదారంతోపాటు శ్రీశైలం కూడా ఒకటని చెబితే ఆవిడ ఎంత సంబరపడ్డారో.

మీ పెద్దవాళ్లకి కండీ మాట్లాడేటప్పుడు గౌరీకుండ్‌లోనే రేటు తేల్చుకోండి, పైకి వెళ్లాక బేరం పెట్టకండి. దారిలో అతని టీ, భోజనం కూడా మీరే చూసుకోండి.