ఆలిస్ కథ పడవలో పుట్టింది, పుస్తకానికి మూడేళ్ళు పట్టింది

ఒక లెక్కల మాస్టారు పడవలో ముగ్గురు ఆడపిల్లలకు కథ చెప్పాడు, అదే 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' అయిపోయింది అంటుంటారు. చెప్పిన మాట నిజమే. 'అయిపోయింది' అన్నదగ్గరే నాకు పేచీ. మధ్యలో మూడేళ్ళ చాకిరీ ఉంది, చేతి డబ్బు ఖర్చుంది, పాడైన ఒక అచ్చు కూడా ఉంది.

మాస్టారి అసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్. 1832లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్ట్ చర్చ్ కాలేజీలో గణితం చెప్పేవాడు. లూయిస్ కారొల్ అనే కలం పేరు ఆలిస్ కోసం పెట్టుకున్నది కాదు, 1856 నుంచే ఉంది. తన పేరులోని మొదటి రెండు ముక్కల్ని లాటిన్ చేసి, ముందు వెనకలు మార్చి, తిరిగి ఇంగ్లీషు చేశాడు. ఇలాంటివి నాలుగు పంపితే ఒక పత్రిక సంపాదకుడు దీన్ని ఏరుకున్నాడు.

1862 జూలై 4న ఫాలీ బ్రిడ్జి దగ్గర పడవెక్కి ఏటికి ఎదురు గాడ్‌స్టో దాకా వెళ్ళారు. తెడ్లు వేసింది డాడ్జ్‌సన్, ఆయన స్నేహితుడు డక్‌వర్త్. కూర్చున్నది కాలేజీ డీన్ లిడెల్ గారి కూతుళ్ళు లొరీనా, ఆలిస్, ఈడిత్. పదేళ్ళ ఆలిస్ కథను రాసిపెట్టమని పట్టుబట్టింది. పడవలోని వాళ్ళంతా పుస్తకంలో ఉన్నారు: బాతు డక్‌వర్త్, లోరీ చిలుక లొరీనా, గద్దపిల్ల ఈడిత్, డోడో అనే పక్షి మాస్టారే. కన్నీటి మడుగులో తడిసి ముద్దయ్యే ఘట్టానికి మూలం మాత్రం ఆ రోజు కాదు. అంతకు రెండు వారాల ముందు న్యూనమ్ వెళ్ళినప్పుడు వీళ్ళంతా నిజంగానే వానకు తడిశారు.

చేతిరాత ప్రతి ఆలిస్ చేతికి అందింది 1864 నవంబరు 26న. 90 పేజీలు, 37 బొమ్మలు, అన్నీ ఆయన వేసినవే. పేరు 'భూమి కింద ఆలిస్ సాహసాలు'. అందులో ఇకిలించే చెషైర్ పిల్లి లేదు, పిచ్చి టీ విందు లేదు, మిరియాల ఘాటుకు అందరూ తుమ్మే వంటిల్లు లేదు. ఇవాళ ఆలిస్ అనగానే గుర్తొచ్చే సగం సరుకు అచ్చు కోసం తర్వాత చేర్చిందే. సుమారు 15,500 మాటల కథ 27,500 దాకా పెరిగింది.

బొమ్మలకు 'పంచ్' పత్రిక చిత్రకారుడు జాన్ టెనియల్‌ను పెట్టుకున్నాడు. 42 బొమ్మలకు 138 పౌండ్లు, డాడ్జ్‌సన్ సొంత జేబులోంచి. బొమ్మను గట్టి బాక్స్‌వుడ్ చెక్క మీదికి అద్దం బొమ్మలా తిరగేసి ఎక్కిస్తారు. తెల్లగా ఉండాల్సిన చోటంతా తొలిచి, నల్ల గీతను మాత్రం ఎత్తుగా నిలబెడతారు. ఈ పని డాల్జియల్ సోదరులది. ఇలాంటి అచ్చులో సిరా కాస్త ఎక్కువైతే సన్నగీతలు పూడుకుపోతాయి, ఒత్తిడి చాలకపోతే వెలిసిపోతాయి. 1865లో ఆక్స్‌ఫర్డ్‌లో 2,000 ప్రతులు వేశారు. బొమ్మల అచ్చు టెనియల్‌కు అస్సలు నచ్చలేదు. పంచిన ప్రతుల్ని డాడ్జ్‌సన్ వెనక్కి తెప్పించుకున్నాడు. మిగిలిన కాగితాలు న్యూయార్క్‌లోని ప్రచురణ సంస్థకు అమ్ముడయ్యాయి. రిచర్డ్ క్లే అనే వేరే ముద్రాపకుడు మొదటి నుంచీ మళ్ళీ కొట్టాడు. ఆ పుస్తకం అదే ఏడు నవంబరులో బయటికొచ్చింది, లోపల అచ్చయిన సంవత్సరం మాత్రం 1866. పాత పుస్తకాల బేరగాళ్ళు 1865 అంకె చూసి ఎగిరి గంతేసేది ఇందుకే.

మన కడపలో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలకు నకళ్ళు రాయించిన బ్రౌన్ దొర ఆ నాటికి లండన్ చేరి పదేళ్ళు. ఈ పుస్తకం ఆయన చేతిలో పడిందో లేదో గానీ, రాతప్రతికీ అచ్చుకీ మధ్య ఇన్ని తేడాలుంటే వదిలే మనిషి కాదు.

పిల్లలకు చదివి వినిపించేవాళ్ళకు రెండు మాటలు. మొత్తం 12 అధ్యాయాలు. ఒక్కోటి గట్టిగా చదివితే పావుగంట, ఇరవై నిమిషాలు. మన పిల్లలు మొహాలు తేలేసేది పద్యాల దగ్గర. అవి ఆ కాలపు బళ్ళో బట్టీ పట్టించిన నీతి పద్యాలకు పేరడీలు. అసలుది తెలియనిదే నవ్వు రాదు. ముందు 'ఉప్పు కప్పురంబు' పద్యాన్ని మీరే కొంటెగా తిప్పి పాడండి. ఆ తర్వాత మొసలి పద్యం ఎత్తుకుంటే ఇట్టే పట్టేస్తారు.

ఇంకోటి, సంక్షిప్త ప్రతులు కొనేముందు లోపల చూసుకోండి. హంప్టీ డంప్టీ, ట్వీడిల్‌డమ్ కవలలు కనిపిస్తే అది రెండు పుస్తకాల కలగూరగంప. వాళ్ళు 1871 చివర్లో వచ్చిన రెండో భాగంలోని వాళ్ళు. "తల నరకండి" అని అరిచేది పేకముక్కల ఆఠీను రాణి. ఎర్ర రాణి చదరంగపు పావు, ఉండేది రెండో పుస్తకంలో. సినిమాలు చూసొచ్చిన పిల్లలు ఈ ఇద్దర్నీ ఒకరే అనుకుంటారు, పెద్దలూ అంతే.