ఫోను కూడా ఒక తలుపే

మా ఇంట్లో ఎవరి ఫోను మోగినా దగ్గరలో ఉన్నవారు తీసి మాట్లాడడం అలవాటు. ఆమధ్య ఒకరోజు నేను అలసటతో నడుం వాల్చి ఉండగా నా ఫోను మోగింది. దాన్ని తీసిన మా చిన్నవాడికి, నేను ఇంట్లో లేనని చెప్పమని చేత్తో సైగ చేశాను. వాడు అలాగే చెప్పి, ఫోను పెట్టేసి ఆటలో పడిపోయాడు. వాడికి అది మామూలు పనిలా తోచినందుకే నాకు ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

అబూ దావూద్ హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాల) గ్రంథంలో ఒక సంఘటన ఉంది. అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ తన చిన్నప్పటి సంగతిని ఇలా చెబుతారు: దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మా ఇంట్లో కూర్చుని ఉండగా, "ఇలా రా, నీకొకటి ఇస్తాను" అని మా అమ్మ నన్ను పిలిచింది. ఏమివ్వాలనుకున్నావని ప్రవక్త ఆమెను అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పగా, ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ లెక్కలో ఒక అబద్ధం రాయబడేదని అన్నారు. పిల్లవాణ్ణి పిలవడానికి ఆడే చిన్న మాటకే అంత లెక్క ఉంటే, పిల్లవాడి నోటితోనే ఆడించిన అబద్ధాన్ని ఏమనాలి?

నిజానికి ఆ అబద్ధం అవసరమే లేదు. ఖురాన్ 24వ సూరా (అధ్యాయం) అన్ నూర్‌లోని 27, 28 ఆయతులు (వాక్యాలు) ఇతరుల ఇళ్లలోకి అనుమతి తీసుకుని, ఇంటివారికి సలాం చెప్పి ప్రవేశించమంటాయి. తిరిగి వెళ్లమంటే తిరిగి వెళ్లిపొమ్మని, అదే మీకు ఎక్కువ పరిశుద్ధమని కూడా అంటాయి. అంటే ఇప్పుడు కలవలేనని చెప్పే హక్కు ఇంటివారికి అల్లాహ్ ఇచ్చిందే. ఫోనును కూడా తలుపుగా భావిస్తే, "ఇప్పుడు మాట్లాడే వీలు లేదు, తర్వాత చేయండి" అనడంలో అమర్యాద ఏమీ ఉండదు, విన్నవారు నొచ్చుకోవలసిన పనీ ఉండదు. మనం నొచ్చుకుంటాం కాబట్టే అవతలివారు అబద్ధం వెతుక్కుంటారని నాకనిపిస్తుంది.

తలుపు తట్టేవారి మర్యాదలు ఫోను చేసేవారికీ వర్తిస్తాయి. వచ్చినవారే ముందు సలాం చెప్పాలి కాబట్టి ఫోనులో కూడా మొదటి సలాం చేసినవారిదే. తీసినవారు అంతకన్నా మంచిగానో, కనీసం అంతే మంచిగానో బదులివ్వాలి. ఆపైన పేరు చెప్పాలి. తన తండ్రి అప్పు విషయమై వచ్చి తలుపు తట్టిన జాబిర్ అనే సహచరుణ్ణి ఎవరని ప్రవక్త అడిగితే "నేను" అన్నారట; అది నచ్చనట్టుగా ప్రవక్త "నేను, నేను" అన్నారని బుఖారీ, ముస్లిం అనే హదీసు గ్రంథాలలో ఉంది. గొంతు గుర్తుపట్టలేదా అని పరీక్ష పెట్టే మా బంధువులకు ఈ హదీసు వినిపించాలని ఎన్నిసార్లు అనుకున్నానో! అనుమతి అడగడం మూడుసార్లేనన్న హదీసు ఆధారంగా ప్రవక్త సహచరుడు అబూ మూసా అష్అరీ, ఖలీఫా ఉమర్ గారి గుమ్మం నుంచే వెనుదిరిగారు. ఎత్తని ఫోనుకు పదేపదే చేసేవారు దాన్ని గుర్తుంచుకోవాలి.

వేళ విషయానికి వస్తే, అదే సూరా 58వ ఆయతు ఫజ్ర్ అనే వేకువ నమాజుకు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా అనే రాత్రి నమాజు తర్వాత పిల్లలు సైతం అనుమతి అడిగి గదిలోకి రావాలంటుంది. సొంత పిల్లలకే అడ్డున్న వేళల్లో పనిలేని ఫోను ఎలా తగును?

స్పీకరు పెట్టి మాట్లాడేటప్పుడు పక్కన ఎవరున్నారో అవతలివారికి ముందే చెప్పాలి, మాట అమానత్, అంటే నమ్మి అప్పగించిన సొత్తు. ఇతరులు వినకూడదనుకున్న మాటలను చెవి ఒగ్గి వినేవారికి హదీసులో కఠినమైన హెచ్చరిక ఉంది.

ఆ రోజు నాకు ఫోను చేసిన ఆయనకు మరుసటి రోజు నేనే ఫోను చేశాను. సలాం చెప్పి, పేరు చెప్పి, నిన్న ఇంట్లోనే ఉన్నానని ఒప్పుకున్నాను. చిన్నవాడు పక్కనే కూర్చుని విన్నాడు; వాడున్నాడని కూడా ఆయనకు చెప్పాను. ఆయన క్షణకాలం ఏమీ అనలేదు. తర్వాత తన పని సంగతి ఎత్తారు.