బ్లైత్‌బర్గ్ దేవదూతల కింద ఒక మధ్యాహ్నం

ఇంగ్లాండ్ తూర్పున సఫోక్ కౌంటీలోని హేల్స్‌వర్త్‌లో రైలు దిగి టాక్సీ ఎక్కాను. కాసేపటికి బ్లైత్ నది పక్కన చిత్తడి నేలల అంచున బ్లైత్‌బర్గ్ ఊరి హోలీ ట్రినిటీ చర్చి కనిపించింది. ఊరు చూస్తే చిన్నది, చర్చి చూస్తే కొండంత. సఫోక్ ప్రజలు దీన్ని ‘చిత్తడి నేలల కేథడ్రల్’ అంటారు. 15వ శతాబ్దంలో, ఈ ఊరు రేవుగా బతికిన కాలంలో కట్టారు.

ఆ ప్రాంతంలో మంచి రాతి గనులు లేవు. అందుకే గోడల నిండా చెకుముకి రాళ్లే. రాయిని పగలగొట్టి, లోపలి నల్లని నునుపు ముఖం బయటికి వచ్చేలా పేర్చారు. వానకు తడిసిన గోడను చేత్తో తడిమితే గాజును తాకినట్టే ఉంది.

లోపల అడుగుపెట్టగానే ముందు వెలుతురు, ఆ తర్వాతే కట్టడం. నడవల పైకప్పులకు ఎగువన ఒక్కో వైపు 18 కిటికీలు వరసగా ఉన్నాయి. బరువంతా స్తంభాలు మోస్తాయి కాబట్టి గోడలో అంత భాగాన్ని కిటికీలకు వదలగలిగారు. పాత రంగుల అద్దాలు చాలావరకు పోయాయి. ఇప్పుడు ఆకాశం నేరుగా లోపలికి దిగుతోంది.

మెడ వెనక్కి వాల్చి చూస్తే దూలాల మధ్య రెక్కలు చాచిన కొయ్య దేవదూతలు! 1644లో, చర్చిల్లో బొమ్మలు ఉండకూడదంటూ విగ్రహ ధ్వంసానికి బయలుదేరిన ప్యూరిటన్ విలియం డౌసింగ్ వీటిని దింపేయమని ఆజ్ఞాపించాడు. అయినా అక్కడే నిలిచాయి. వాటిలో దొరికిన తుపాకీ గుళ్లు అతని మనుషులవేనని చాలాకాలం చెప్పుకున్నారు. నిజానికి అవి 18వ శతాబ్దంలో కాకిజాతి పక్షులను కొట్టడానికి పేల్చినవట.

బల్లల చివర చెక్కిన, క్రైస్తవులు ఘోరంగా ఎంచే పాపాల బొమ్మల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. సోమరి మంచం మీదే ఉన్నాడు. తిండిపోతు నిండిన పొట్టను రెండు చేతులా పట్టుకున్నాడు. చెక్కినవాడు ఇలాంటి మనుషులను తన ఊళ్లోనే చూసి ఉంటాడు.

1881లో చర్చి కూలేలా ఉందని మూసేశారు. మరమ్మతు ఎలా చేయాలన్నదానిపై వాదం నడిచింది. పాత పనితనం చెరిగిపోకూడదని రచయిత, డిజైనర్ విలియం మారిస్ స్థాపించిన పాత కట్టడాల పరిరక్షణ సంఘం పోరాడింది. వాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను. వాసాల మీద ఆ ఎరుపు, ఆ ఆకుపచ్చ వెలిసిపోయినా, మధ్యయుగపు కుంచె వేసిన పువ్వులు ఇంకా గుర్తుపట్టేలా ఉన్నాయి. బైనాక్యులర్స్‌తో ఒక్కో పువ్వునూ వెతుక్కుంటూ, తిరుగు రైలు తప్పిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.