అంబులపొది నిండిన ఇల్లు: 127వ కీర్తన మీద ఒక ధ్యానం

"కుమారులు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము, గర్భఫలము ఆయన యిచ్చు బహుమానమే. యౌవనకాలమందు పుట్టిన కుమారులు బలవంతుని చేతిలోని బాణములవంటివారు. వారితో తన అంబులపొది నింపుకొనినవాడు ధన్యుడు." (కీర్తనలు 127:3-5)

ప్రియులారా, ఈ మూడు వచనాల మీద తమ కాపురమంతా నిలబెట్టుకున్న ఒక కుటుంబాన్ని కొన్నేళ్ళపాటు ప్రపంచం టీవీలో చూసింది. వాళ్ళది అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం, టొంటిటౌన్ అనే చిన్న ఊరు. జిమ్ బాబ్ డగ్గర్, మిషెల్ దంపతులకు పందొమ్మిది మంది పిల్లలు, పదిమంది మగ, తొమ్మిదిమంది ఆడ. టీఎల్‌సీ ఛానల్‌లో 2008లో ఆ కార్యక్రమం మొదలైనప్పుడు దాని పేరులో పదిహేడు అంకె ఉండేది. పిల్లలు పుట్టేకొద్దీ అది పద్దెనిమిదై, '19 కిడ్స్ అండ్ కౌంటింగ్' దగ్గర ఆగింది.

చూసిన విశ్వాసులు చాలామంది ఆ ఇంటిని ప్రేమించారు. ప్రేమించడానికి కారణాలు ఉన్నాయి, వాటిని ఇప్పుడు కాదనడం న్యాయం కాదు. అప్పు చేయకూడదని వాళ్ళ నియమం. వాడిన వస్తువులు కొనుక్కుని, మిగిలిన డబ్బు దాచుకునేవారు. ఏడువేల చదరపు అడుగుల ఇంటి పనిలో పిల్లలు కూడా చేయివేశారు. ఆడపిల్లలందరికీ ఒకే పెద్ద పడకగది, మగపిల్లలందరికీ ఇంకొకటి. చదువు ఇంట్లోనే. పియానో, వయొలిన్ నేర్చుకునేవారు. రాత్రి పడుకోబోయే ముందు తండ్రి బైబిల్ తెరిస్తే, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ఒళ్ళో కూర్చుని వినేవారు. 2009 డిసెంబరులో పందొమ్మిదో బిడ్డ జోసీ ఇరవై అయిదు వారాలకే పుట్టింది, బరువు సుమారు 620 గ్రాములు. ఆ పసిగుడ్డు బతికి ఇంటికొచ్చినప్పుడు స్తోత్రం చెప్పుకున్న ఇళ్ళు ఎన్నో.

వాళ్ళు ఈ కీర్తన దగ్గరికి ఎలా వచ్చారో మిషెల్ స్వయంగా చాలాసార్లు చెప్పారు. మొదటి కొడుకు పుట్టాక ఆమె గర్భనిరోధక మాత్రలు వాడుతుండగానే గర్భం వచ్చి, పోయింది. ఆ మాత్రల వల్లే బిడ్డ పోయిందని దంపతులు నమ్మి, కుమిలిపోయారు. ఎంతమంది బిడ్డల్ని ఇవ్వాలో ఇక దేవుడికే వదిలేస్తామని తీర్మానించుకున్నారు. అమెరికాలో అప్పటికే కొందరు సంప్రదాయ క్రైస్తవులు అయిదో వచనంలోని నిండిన అంబులపొదిని పట్టుకుని ఒక ఉద్యమంగా సాగుతున్నారు. తాము ఆ ఉద్యమంలో సభ్యులం కామని డగ్గర్లు చెప్పినా, నడిచిన బాట అదే. బిల్ గోథర్డ్ అనే బోధకుడి సంస్థ వాళ్ళ కుటుంబ క్రమానికి ఆధారం. తండ్రి అధికారం గొడుగులాంటిదని, దాని కింద ఉన్నంతసేపు భార్యా పిల్లలు క్షేమమని ఆయన బోధ. లైంగికంగా వేధించాడని పలువురు స్త్రీలు ఆరోపించాక 2014లో ఆయన ఆ సంస్థ నుంచి తప్పుకున్నాడు.

ఒక తల్లి దుఃఖంలోంచి పుట్టిన తీర్మానాన్ని నేను తప్పుపట్టను. కానీ కీర్తనలో సంఖ్య లేదు, ఆజ్ఞ కూడా లేదు. ఉన్నది బహుమానం అనే మాట, బహుమానం ఇచ్చేవాడి ఇష్టం. మన సంఘాల్లో పిల్లల ప్రతిష్ఠ జరిగే ఆదివారం ఈ వచనం చదువుతారు కదా. అయ్యగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుంటారు, సంఘమంతా ఆమేన్ అంటుంది, బయట కేకు పంచుతారు. ఆ కేకు ముక్క చేతిలో పట్టుకుని, పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఒడి నిండని ఒక చెల్లి గోడ పక్కన నిలబడి ఉంటుంది. నిండిన పొది ఉన్నవాడే ధన్యుడైతే తానెవరో ఆమెకు ఎవరూ చెప్పరు. ఇస్సాకుకు రిబ్కా ఇరవై ఏళ్ళు గొడ్రాలిగా ఉన్నప్పుడు కూడా వాగ్దానం ఆ ఇంట్లోనే ఉంది. హన్నా కన్నీళ్ళు పెట్టుకున్న రోజున కూడా దేవుడికి ఆమె పేరు తెలుసు. ఈ మాటలు కూడా ఆ ఆదివారమే చెప్పాలి.

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తాను.

2015 మేలో ఒక పత్రిక పాత పోలీసు నివేదికను బయటపెట్టింది. ఆ ఇంటి పెద్దకొడుకు జాష్, 2002-03 ప్రాంతంలో, పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులో, ఇంట్లో నిద్రిస్తున్న చెల్లెళ్ళతో సహా కొందరు ఆడపిల్లలను అసభ్యంగా తాకాడు. తల్లిదండ్రులకు తెలిసింది. తండ్రి సంఘ పెద్దలకు చెప్పాడు. కొన్నాళ్ళు కొడుకును ఇంటికి దూరంగా పనికి పంపాడు. తెలిసిన ఒక పోలీసు అధికారి దగ్గరికి తీసుకెళ్ళి మందలింపు ఇప్పించాడు. అంతటితో సరి. 2006లో బయటివాళ్ళు ఫిర్యాదు పంపితే గాని అసలు విచారణ మొదలుకాలేదు, అప్పటికి కేసు పెట్టే గడువు దాటిపోయింది. ఆ కుటుంబం మీద మొదటి టీవీ కార్యక్రమం వచ్చింది 2004లో. అంటే ఆ గాయం జరిగి ఏడాదో రెండేళ్ళో గడిచేసరికి, అది తగిలిన పిల్లలే కెమెరా ముందు ఆదర్శ కుటుంబంగా నవ్వుతూ నిలబడ్డారు.

కార్యక్రమం 2015లో రద్దయింది. పెద్ద పిల్లల కాపురాల మీద అదే ఛానల్ మరో కార్యక్రమం నడిపింది. 2021 ఏప్రిల్లో జాష్ అరెస్టయ్యాడు, ఈసారి పసిపిల్లల లైంగిక హింస దృశ్యాలు కంప్యూటర్లో దింపుకున్న నేరానికి. ఆ కార్యక్రమం కూడా ఆగింది. డిసెంబరులో జ్యూరీ నేరం రుజువైందంది. 2022 మేలో పన్నెండేళ్ళ ఏడు నెలల శిక్ష పడింది.

ఇక కీర్తన దగ్గరికి. దాని శీర్షిక "యాత్రకీర్తన. సొలొమోనుది." ఈ సొలొమోను ఎవరింట్లో పెరిగాడో గుర్తుచేసుకోండి. రెండవ సమూయేలు పన్నెండో అధ్యాయం చివర్లో అతని పుట్టుక ఉంది. పేజీ తిప్పితే పదమూడో అధ్యాయం. దావీదు పెద్దకొడుకు అమ్నోను, తన చెల్లెలు తామారును వంట చేసిపెట్టమని పిలిపించుకుని చెరిచాడు. ఆమె రంగురంగుల చీర చింపుకుని, నెత్తిన బుగ్గి పోసుకుని, తలమీద చెయ్యి పెట్టుకుని ఏడుస్తూ పోయింది. అన్న అబ్షాలోము ఆమెతో అన్నమాట "నా చెల్లీ, నీవు ఊరకుండుము, అతడు నీ అన్నే గదా." తండ్రి సంగతి? "ఈ సంగతి రాజగు దావీదునకు వినబడగా అతడు బహురౌద్రము తెచ్చుకొనెను." వాక్యం అక్కడే ఆగిపోతుంది. కోపం వచ్చింది. విచారణ లేదు, శిక్ష లేదు, కూతురి దగ్గరికి వెళ్ళి కూర్చున్న మాట కూడా లేదు. దేవుని హృదయానుసారుడైన మనిషి, కీర్తనలు పాడిన మనిషి, ఇంటినిండా కొడుకులున్న మనిషి. ఆ అంబులపొదికేం తక్కువ?

రెండేళ్ళకు అబ్షాలోము అమ్నోనును చంపించాడు. తర్వాత తన కూతురికి తామారు అని పేరు పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరూ ఏదీ మరచిపోలేదన్నమాట. తర్వాత అతను పొద్దున్నే లేచి పట్టణపు గుమ్మానికి పోయే దారిలో నిలబడేవాడు. రాజు దగ్గరికి వ్యాజ్యెంతో వచ్చేవాళ్ళను ఆపి, నీ మాట న్యాయమే గాని వినడానికి రాజు దగ్గర ఎవరూ లేరు అనేవాడు. అలా ఇశ్రాయేలీయుల మనసు దోచుకున్నాడు. ఆ మాట జనం నమ్మారంటే ఆశ్చర్యమేముంది? రాజు సొంత కూతురి మాటే ఎవరూ విచారించలేదు.

గుమ్మం అంటే ఆ కాలంలో రాకపోకల దారి మాత్రమే కాదు. పెద్దలు కూర్చుని తగవు తీర్చే చోటు. బోయజు రూతు విషయం తేల్చుకున్నది గుమ్మం దగ్గరే. "గుమ్మములలో న్యాయము స్థిరపరచుడి" అని ఆమోసు కేక పెట్టింది ఆ చోటు గురించే. మన కీర్తన చివరి మాట కూడా అక్కడిదే: అట్టివారు సిగ్గుపడక గుమ్మములో తమ విరోధులతో వాదించుదురు. కాబట్టి అయిదో వచనం పిల్లల్ని లెక్కపెట్టి ఆగిపోయేది కాదు. న్యాయసభలో తలెత్తుకుని నిలబడగల ఇంటి గురించి అది మాట్లాడుతుంది. తన ఇంటి బలహీనురాలి మాట వినని తండ్రికి, పందొమ్మిది మంది ఉన్నా ఆ సభలో ముఖం చెల్లదు. అందుకే నాకు అనిపిస్తుంది, "యెహోవా ఇల్లు కట్టించనియెడల దాని కట్టువారి ప్రయాసము వ్యర్థమే" అన్న మొదటి వచనాన్ని సొలొమోను ఎక్కడో విని రాయలేదని. ఆ రాజనగరులోనే పెరిగాడు.

దేవుడు కట్టే ఇంట్లో బిడ్డ మాట వినబడుతుంది. ఈ ధ్యానంలో నేను చెప్పాలనుకున్నది ఇదే. మిగతావి దానికి జత.

డగ్గర్ ఇంట్లో పెద్దపిల్లలకు ఒక్కొక్కరికి ఒక చిన్నబిడ్డను అప్పగించేవారు. లేపడం, తలదువ్వడం, తినిపించడం, పాఠం చెప్పించడం వాళ్ళ పూచీ. చూడ్డానికి ముచ్చటే. ఆ బరువు ఎక్కువగా పెద్ద ఆడపిల్లల మీద పడింది. మన ఇళ్ళలోనూ అక్క అంటే రెండో అమ్మే. ఆదివారం ఆరాధనలో తమ్ముణ్ణి చంకన వేసుకుని వరండాలోనే ఉండిపోయే పదేళ్ళ పిల్లను చూడని సంఘం ఉందా? ఆ పిల్ల వాక్యం ఎప్పుడు వింటుంది? ఆమె కూడా బహుమానమే కదా, పనిమనిషి కాదు కదా.

కెమెరా సంగతి కూడా చెప్పాలి. నాలుగో సంతానమైన జిల్, తాను ఏళ్ళ తరబడి చిత్రీకరణలో ఉన్నా తనకంటూ డబ్బు అందలేదని, పెళ్ళి ముందు రోజు హడావుడిలో ఏ ఒప్పందమో తెలియకుండానే సంతకం పెట్టానని తర్వాత చెప్పింది. టీవీ తమ పరిచర్య అని ఆ ఇంట్లో నమ్మేవారు. పరిచర్య అన్నాక కాదనడం బిడ్డకు ఎంత కష్టమో ఆలోచించండి. కాదంటే నాన్నకే కాదు, ప్రభువుకే ఎదురు చెప్పినట్టు అవుతుంది. ఇప్పుడు మనవాళ్ళలోనూ కుటుంబ సాక్ష్యాలు, పిల్లల పాటలు, ఇంటి ప్రార్థనలు యూట్యూబ్‌లోకి ఎక్కుతున్నాయి. వద్దనడం లేదు. పాడాలని ఉన్న బిడ్డ పాడనివ్వండి. కానీ ఆ బిడ్డ జ్వరం, ఏడుపు, తప్పు, పెద్దమనిషి అయిన రోజు, ఇవి సాక్ష్యం కింద వాడుకోవడానికి తల్లిదండ్రుల సొత్తు కావు. స్వాస్థ్యం యెహోవాది.

బిడ్డ ఏదైనా చెబితే, లేదా చెప్పలేక ఒకరిని చూసి ముడుచుకుపోతే, దాన్ని ప్రార్థన మనవిగా మాత్రమే తీసుకోకండి. తప్పు చేసినవాణ్ణి నాలుగు నెలలు పరిచర్యకు పంపి, ఒప్పుకోలు ప్రార్థన చేయించి, క్షమించేశామని మూసేయడం దావీదు మౌనమే. మన దేశంలో 2012 పోక్సో చట్టం ప్రకారం, అలాంటి నేరం తెలిసినవాళ్ళు ఎవరైనా సరే, కాపరి అయినా, సండేస్కూలు టీచరైనా, మేనమామైనా, పోలీసులకు చెప్పితీరాలి. చెప్పకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098. సంఘం నోటీసు బోర్డు మీద ఆరాధన వేళల పక్కన ఆ నంబరు రాయించండి. క్షమాపణ ప్రభువు ఇస్తాడు, బిడ్డకు రక్షణ మనం ఇవ్వాలి. ఒకటి చేశాం కదా అని రెండోది మానకూడదు.

2023లో ఆ ఇంటి ఆడపిల్లలు జింజర్, జిల్ చెరొక పుస్తకం రాశారు. తమను పెంచిన బోధలో భయం ఎంత ఉందో, దాన్ని సువార్త నుంచి విడదీసుకోవడానికి ఎంత శ్రమపడ్డారో చెప్పారు. ఇద్దరూ ప్రభువును విడిచిపెట్టలేదు. నాకు ఆ కుటుంబం కథలో అన్నిటికంటే ధైర్యమిచ్చిన సంగతి ఇదే. మనుషులు కట్టిన గొడుగు చిరిగిపోయాక కూడా వాళ్ళకు ఆయన రెక్కల నీడ మిగిలింది.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో 127వ కీర్తన అయిదు వచనాలూ చదవండి. తర్వాత రెండవ సమూయేలు పదమూడో అధ్యాయం కూడా తీయండి. పిల్లలు చిన్నవాళ్ళైతే వాళ్ళు పడుకున్నాక భార్యాభర్తలిద్దరే చదువుకోండి. ఆ ఇంట్లో గాయపడిన ఆడపిల్లల కోసం, జాష్ భార్య కోసం, తండ్రి జైల్లో ఉన్న ఆమె ఏడుగురు పిల్లల కోసం ప్రార్థించండి. మీ సంఘంలో ఇంతవరకూ ఎవరూ అడగనందువల్ల ఏమీ చెప్పని బిడ్డ కోసం కూడా ప్రార్థించండి. ప్రార్థించి, వెళ్ళి అడగండి.