బబులోనుకు వెళ్లిన ఉత్తరం

శుక్రవారం, రాత్రి

బైబిల్లోని యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం కనబడని తెలుగు క్రైస్తవుల ఇల్లు ఉండదేమో. క్యాలెండర్ల మీద, పెళ్లి శుభలేఖల మీద, ఆటోల వెనక అద్దాల మీద అదే వాక్యం. దేవుడు మన గురించి తలపెట్టినవి మేలు చేసేవే గానీ కీడు చేసేవి కావని, రాబోయే రోజుల్లో మనకు నిరీక్షణ, అంటే ఆశ, ఉందని. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన వచనాల కార్డులున్న పళ్లెం నా ముందుకు వచ్చినప్పుడు నేను తీసిన కార్డు కూడా అదే. అప్పటి నుంచి బైబిల్లోనే ఉంది. సాయంత్రం కూడికలో పాస్టర్ గారు ఆ ఒక్క వచనం కాకుండా అధ్యాయం మొత్తం చదివించారు. అందుకే నిద్ర వస్తున్నా ఇది రాసుకుంటున్నాను.

ఇవాళ పొద్దున నల్లా నీళ్లు వచ్చే రోజు. బిందెలు నింపుకుంటుంటే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, రిజిస్ట్రేషన్ అయిపోయింది. తాళాలు కూడా ఇచ్చేశాను."

ఒంగోలు దగ్గర మా ఊళ్లో నాన్న కట్టిన ఇల్లు అది. నాన్న పోయాక అందులో ఉండేవాళ్లు లేరు. వాన పడితే కప్పు కారుతోంది. బాగు చేయించే స్తోమత మా ఇద్దరికీ లేదు. అమ్ముదామని ఇద్దరం కలిసే అనుకున్నాం, కాగితాల మీద సంతకం పెట్టడానికి నేనూ వెళ్లొచ్చాను. అయినా తాళాలు అనేసరికి గొంతు పట్టేసింది. "సరేలేరా, వానలు ముదరకముందే అయిపోయింది, మంచిదే" అన్నాను. వాడికి కూడా మాట రాలేదు. "ఉంటానక్కా" అని పెట్టేశాడు. వంటింట్లో మా ఆయన అంతా విని, ఏమీ అడగకుండా, రెండో బిందె తనే తీసుకెళ్లి లోపల పెట్టారు.

ఇక్కడ హైదరాబాద్‌లో, మెట్టుగూడలో మెట్రో ఎక్కి బేగంపేటలో దిగి ఆఫీసుకి వెళ్లాను. ఇరవయ్యో తేదీ దగ్గర పడుతోంది, అందరూ జీఎస్టీ రిటర్నుల టెన్షన్‌లో ఉన్నారు. కొత్తగా చేరిన అమ్మాయి, పాపం మాట కలపడానికే, "మీదే ఊరు మేడం? సెలవులకి వెళ్తుంటారా?" అని అడిగింది. ఊరి పేరు చెప్పాను. రెండో ప్రశ్నకి ఏం చెప్పాలో తెలియలేదు. ఊళ్లో చిన్నాన్న వాళ్లున్నారు, వెళ్తే కాదనరు. కానీ బస్సు దిగాక ఎవరినీ అడగకుండా తోసుకుని లోపలికి వెళ్లే తలుపు ఇక లేదు. ఉపవాసం కాబట్టి మధ్యాహ్నం భోజనం టైములో మేడ మెట్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుందామనుకున్నాను. మాటలు రాలేదు. "ప్రభువా, నాకు ఊరు లేకుండా పోయింది" అని ఒక్క మాట అని ఊరుకున్నాను.

సాయంత్రం కూడిక వారాసిగూడలో, మేం పెద్దమ్మ అని పిలిచే ఆవిడ ఇంట్లో. రెండు గదుల పోర్షన్. మంచం గోడకి నిలబెట్టి, నేల మీద చాపలు పరిచి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తుంది. ఆవిడది మెదక్ వైపు. నేను ఆలస్యంగా వెళ్లేసరికి గది నిండిపోయింది, పిల్లలు గుమ్మంలో కూర్చున్నారు. ఫ్యాను కింద ఒక చోటు మాత్రం ఖాళీ. ఎవరూ కూర్చోకుండా తన పాటల పుస్తకం, కళ్లజోడు డబ్బా అక్కడ పెట్టింది.

"రా బిడ్డా, నీ జాగనే. ఏమైంది, మొఖం గట్ల గుంజుకపోయింది?"

ఏం లేదని అన్నాను. కొంగు తల మీదికి లాక్కుని కూర్చున్నాను. కంజీర మొదలైంది. పాట రెండో చరణంలో ఏడుపు వచ్చేసింది. పక్కనున్న సిస్టర్ ఎందుకని అడగలేదు, నా చేయి పట్టుకుని పాడుతూనే ఉంది.

తర్వాత వాక్యం. పాస్టర్ గారు చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

ఆ 11వ వచనం ఒక ఉత్తరంలోది. యూదా రాజు సిద్కియా బబులోనుకు పంపిన మనుషుల చేతికి యిర్మీయా ప్రవక్త ఇచ్చిన ఉత్తరం. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి వేలమందిని చెరపట్టుకుపోయాడు. వాళ్లకి ఇల్లు పోయింది, పొలం పోయింది, గుడి దూరమైంది. అలాంటివాళ్లు చదువుకోవడానికి వెళ్లిన ఉత్తరం అది. అందులో దేవుడు మొదట చెప్పింది 11వ వచనం కాదు. ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని ఏ పట్టణానికి పంపానో దాని క్షేమం కోరి దాని కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అన్నాడు. ఆ తర్వాత, డెబ్బై ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తాను అన్నాడు. అదంతా చెప్పాకే నిరీక్షణ మాట.

డెబ్బై ఏళ్లు అనగానే గదిలో ఒకరిద్దరు "అయ్యో" అన్నారు. ముప్పై ఏళ్ల వయసులో ఆ ఉత్తరం విన్నవాడు తిరిగి ఊరు చూడలేడు. ఆ సంగతి వాడికీ తెలుసు, దేవుడికీ తెలుసు. తెలిసే చెప్పాడు.

దీనికి ముందు అధ్యాయం కూడా చదవమన్నారు, ఇంటికొచ్చి చదివాను. హనన్యా అనే ప్రవక్త గుళ్లో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని చెప్తాడు. బబులోనుకు లొంగి ఉండాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొడతాడు. నన్ను పట్టుకున్నది యిర్మీయా జవాబు. ఆయన కోప్పడలేదు. మొదట "ఆమెన్" అన్నాడు. దేవుడు అలాగే చేయాలని తనూ కోరుకున్నాడు. తన వాళ్లు తిరిగి రావాలని ఆయనకి మాత్రం ఉండదా? కోరుకుంటూనే, నిజం కాని మాట మాత్రం చెప్పలేదు. ఈ రోజుల్లో రెండేళ్ల మాటలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ నెలలో అప్పు తీరుతుంది, వచ్చే నెలలో వీసా వస్తుంది అని స్టేజీ మీద నుంచి అనేస్తారు. వినడానికి బాగుంటుంది. రెండేళ్లు గడిచాక విన్నవాళ్ల విశ్వాసం ఏమవుతుందో ఆలోచించరు. ఇళ్లు కట్టుకోమని, తోట వేసుకోమని చెప్పిన మాట మీద అయితే మనిషి ఎన్నాళ్లైనా నిలబడగలడు. నాకు అదే నిజమైన నిరీక్షణ అనిపిస్తుంది. పరిస్థితి మారుతుందని కాదు, మారేదాకా ఈ చోట దేవుడు నాతోనే ఉన్నాడని.

సాక్ష్యాల టైములో నేను ఇల్లు అమ్మిన సంగతి చెప్పాను. చెప్పాలని వెళ్లలేదు, నోటికొచ్చేసింది. అంతా విని పెద్దమ్మ వాళ్ల నాయనమ్మ కథ ఎత్తుకుంది. మెదక్ చర్చి కట్టేటప్పుడు ఆమె తట్ట మోసిందట. మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువులో జనానికి ఊరికే గింజలు పంచకుండా పని చూపించి తిండి పెట్టాడు. అలా పదేళ్లు కట్టిన చర్చి అది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. "మా నాయనమ్మకు సదువు రాదు బిడ్డా. కానీ ఆ గుడి దిక్కు చూసి, గండ్ల నా తట్ట మన్ను ఉన్నది అనేది" అంది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఎందుకంటే మా కథా అదే. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మా వాళ్లకి తవ్వకం పని ఇచ్చాడు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, కరువు సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ఆగిపోయింది, ఇక పెట్టేదేమీ లేదు. అప్పుడు వచ్చారు జనం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా ముత్తాత వాళ్ల నాన్న వాళ్లలో ఒకడని నాన్న చెప్పేవాడు. ఊరి బావి దగ్గరికి రానివ్వని, ఊరి వీధిలో చెప్పులతో నడవనివ్వని మనుషులు వాళ్లు. ఆ ఊరు వాళ్లది ఎప్పుడైంది గనక? ఆ నీళ్లలో నుంచి లేచాకే వాళ్లకి దేవుడి ఇంట్లో పిల్లలమనే ధైర్యం వచ్చింది. ఎఫెసీ పత్రికలో పౌలు చెప్పింది అదే కదా, మీరు ఇక పరాయివాళ్లు కారు, దేవుని ఇంటివారు అని.

ఒంగోలు దాన్ని నేను, మెదక్ ఆవిడ తను. మాది బాప్టిస్టు సంఘం, వాళ్లది సీఎస్‌ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. ఈ ఊరు రాకపోతే ఒకరి ముఖం ఒకరం చూసేవాళ్లం కాదు. ఆవిడ నా కోసం చోటు పట్టి ఉంచింది. నేను రాకపోతే ఫోన్ చేసి అడుగుతుంది. నాన్న ఇంట్లో తప్ప నన్నలా కనిపెట్టుకుని కూర్చున్నవాళ్లు లేరు. మధ్యాహ్నం మెట్ల మీద నేను అన్న ఒక్క మాటకి దేవుడు సాయంత్రానికి ఇచ్చిన జవాబు ఇది. నేను అలాగే నమ్ముతున్నాను.

ప్రభువుకి కూడా తల వాల్చుకోవడానికి చోటు లేదని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నాను. ఇన్నాళ్లూ అది ఆయన బీదతనం గురించిన మాటగానే వినబడేది. ఇవాళ వేరేలా వినబడింది. పుట్టడం సత్రంలో చోటు లేక పశువుల దగ్గర, చనిపోవడం ఊరి గవిని బయట. ఇల్లు లేకపోవడం ఎలా ఉంటుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి ఆయనే వెళ్లిపోయే ముందు రాత్రి శిష్యులతో, నా తండ్రి ఇంట్లో చాలా నివాసాలున్నాయి, మీకు చోటు సిద్ధం చేయడానికే వెళ్తున్నాను అన్నాడు. నాన్న సమాధి దగ్గర చదివిన భాగం అదే. ఆ రోజు చెవులకి వినబడింది గానీ లోపలికి దిగలేదు.

రాత్రి భోజనాలయ్యాక డాబా మీదికి వెళ్లాను. పాత పెయింటు డబ్బాల్లో నేను వేసిన గోంగూర బాగా గుబురెక్కింది, ఒక డబ్బాలో కరివేపాకు మొక్క ఉంది. మా ఇంటి ఓనరమ్మ బట్టలు తీస్తూ అక్కడే ఉంది. ఆవిడ ఉజ్జయిని మహంకాళికి ఏటా బోనం ఎత్తుతుంది, నేను శుక్రవారం ఉపవాసం ఉంటాను. ఒకరి పండక్కి ఒకరం వంటలు పంపుకుంటాం. పట్టణం క్షేమం కోసం ప్రార్థించమన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడే, ఆపరేషన్ అయి పుట్టింట్లో ఉన్న ఆవిడ కోడలే. ఆ మాటే చెప్పాను, మీ కోడలి కోసం ఇవాళ అందరం ప్రార్థన చేశామని. ఆవిడ కళ్లు తుడుచుకుంది.

అప్పుడే అడిగేశాను. వచ్చే శుక్రవారం కూడిక మా పోర్షన్‌లో పెట్టుకోవచ్చా, పాటలు కాస్త గట్టిగా ఉంటాయి అని.

"పెట్టుకో బిడ్డా, నాకేంది. నా మోకాళ్లకు కూడా ప్రార్థన చెయ్యమని చెప్పు మీ అయ్యగారికి."

అద్దె ఇల్లు కదా, ఎప్పుడు ఖాళీ చేయాల్సి వస్తుందో అని ఇన్నేళ్లూ మా ఇంట్లో కూడిక పెట్టలేదు. ఇప్పుడు పెద్దమ్మకి మెసేజ్ పెట్టాను. కుర్చీలు ఆవిడ ఇంటి నుంచి తెచ్చుకోవాలి. ఇరవై మందికి టీ, మిర్చి బజ్జీలు. తమ్ముడు కూడా ఆ వారం ఆఫీసు పని మీద హైదరాబాద్ వస్తానన్నాడు, శుక్రవారమే రమ్మని పొద్దున ఫోన్ చేసి చెప్పాలి.