జిరాక్స్ షాపు గోడ మీద కాగితం

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున తొమ్మిదింటికే దానవాయిపేటలో ట్యూషన్ సెంటర్ మేడ మీది గది తాళం తీశాను. ఊడ్చి, బెంచీలు గోడవారగా జరిపి, ఎక్స్‌టెన్షన్ బాక్సులు పరిచి, మెట్ల వైపు చూస్తూ కూర్చున్నా. నాలుగు నెలలుగా మా లినక్స్ గుంపుకి (లినక్స్ అంటే విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్) వచ్చేది అవే ఆరు ముఖాలు. అందరం ఒకరికొకరం బాగా తెలుసు, ఒకరు చెప్పబోయేది ఇంకొకరికి ముందే తెలుసు. అలాంటి గుంపు ఎన్నాళ్ళు నిలుస్తుందన్న బెంగ నాకు నిజంగానే ఉంది.

ఇదివరకు కాలేజీ నోటీసు బోర్డుల్లో "ఓపెన్ సోర్స్ టెక్నాలజీలపై అవగాహన సదస్సు" అని అచ్చు వేయించి అంటించాం. ఒక్కరూ రాలేదు. ఈసారి పోస్టర్ మానేసి తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాశాను: "మీ లాప్‌టాప్ నెమ్మదించిందా? ఆదివారం పదింటికి తీసుకురండి. డబ్బులు తీసుకోం." వీధి చివర జిరాక్స్ షాపు ఆయన్ని అడిగి గోడకు అంటించా. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు, అంటే కంపెనీ పంపే అప్‌డేట్లు, ముగిసింది కదా, పాత మెషీన్లు మూల పడేసినవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉంటారని నా లెక్క.

పదీ పదికి మొదట వచ్చింది ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఆయనకి కావలసింది లినక్స్ కాదు. ఇరవై ఏళ్ళ కిందట డీటీపీ చేయించుకున్న పద్యాల ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. "పోయినట్టేనా అమ్మా?" అన్నారు. పోలేదు. ఆ రోజుల్లో డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గళ్ళలోనే తెలుగు బొమ్మల్ని కూర్చేవి. ఆ ఫాంటు లేని మెషీన్‌లో గళ్ళు మిగిలి, బొమ్మలు మాయమవుతాయి. అన్ని భాషల అక్షరాలకీ వేర్వేరు నంబర్లిచ్చే యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకి 128 స్థానాలు విడిగా ఉన్నాయి. ఆ ఏర్పాటు 1991లోనే జరిగింది, లినక్స్ పుట్టిందీ అదే ఏడు. కన్వర్టర్‌లో వేసి, తప్పుగా పడ్డ వత్తులు సరిచేస్తూ మొదటి నాలుగు పద్యాలు తెరమీదికి తెచ్చేసరికి మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మిగతావి ఆయనే దిద్దుకుంటానన్నారు.

టైపింగుకి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, అంటే భారతీయ భాషల కోసం చేసిన కీల అమరిక, చూపించా. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. "క్ష ఎక్కడుంది?" అని వెతుక్కుంటుంటే, క కొట్టి, పొల్లు కొట్టి, ష కొట్టమన్నా. తెర మీద క్ష పడగానే, "నేను ముప్ఫయ్ ఏళ్ళు నల్లబల్ల మీద చెప్పింది ఇదేనమ్మా" అన్నారు. నాకు ఇవాళంతటిలో ఆ మాటే చెవిలో ఉండిపోయింది.

పదకొండింటికి ఇంటర్ రెండో ఏడాది అమ్మాయి, వాళ్ళమ్మ వచ్చారు. లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్, పాతరకం హార్డ్ డిస్కు. ఆన్ అయ్యేలోపు టీ తాగేయొచ్చు. డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ (చిప్పులతో నడిచే వేగమైన డిస్కు) వేస్తేనే అసలు తేడా తెలుస్తుందని ముందే చెప్పేశాం, లేని ఆశ పెట్టకూడదు. ఈలోగా పాత మెషీన్లకి తేలికగా ఉండే లినక్స్ రకం, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, మెషీన్‌లో వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి చూద్దామన్నాం, నచ్చకపోతే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

అంతవరకూ బాగానే ఉంది. మాలో అందరికంటే చురుకైన కుర్రాడు చటుక్కున లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని చకచకా కొట్టేస్తున్నాడు. అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. నాకు 2008 గుర్తొచ్చింది. ఉబుంటు అనే లినక్స్ రకం సీడీ తపాలాలో ఉచితంగా పంపే రోజులవి. నాకూ ఒకటి వచ్చింది. దాన్ని పట్టుకుని హైదరాబాదులో ఒక ఇన్‌స్టాల్ ఫెస్ట్‌కి (అందరూ కలిసి మెషీన్లకి లినక్స్ వేసుకునే సభకి) వెళ్తే, ఎవరో సీడీ తీసుకుని పావుగంటలో అంతా చేసేసి మెషీన్ నా చేతిలో పెట్టారు. అందరూ కెర్నల్ (లినక్స్ లోపలి గుండెకాయ) గురించి మాట్లాడుకుంటుంటే గోడకి ఆనుకుని నిలబడి వచ్చేశాను. ఆరు నెలలు మళ్ళీ అటు వెళ్ళలేదు. ఒక సీనియర్ అక్క ఫోన్ చేసి "ఈ ఆదివారం నా పక్కన కూర్చో" అనకపోతే అసలు వెళ్ళేదాన్నే కాదు.

కుర్రాణ్ణి పక్కకి పిలిచి చెప్పాను, కీబోర్డు ఆ అమ్మాయిదేనని, మన చేతులు వెనక్కే ఉండాలని. తను వెంటనే అర్థం చేసుకున్నాడు. తర్వాత గంటన్నర పట్టింది. ఫోటోలు, నోట్సు బ్యాకప్ తీసింది, పార్టిషన్ (డిస్కుని భాగాలు చేసే పని) దగ్గర భయపడి రెండుసార్లు అడిగింది, ఎంటర్ తనే నొక్కింది. వైఫై పట్టకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, నెట్ ఇచ్చి, డ్రైవర్ మేనేజర్‌లో వైఫైని నడిపించే చిన్న ప్రోగ్రాము, అదే డ్రైవర్, వేసుకుంది. "మేడం" అంటుంటే "అక్కా" అనమన్నాను. వాళ్ళమ్మగారు మెల్లగా నన్ను అడిగారు: "మీరు ప్రతి ఆదివారం ఉంటారా అండీ?" ఉంటానన్నాను. ఆవిడ అడిగింది నా ఒక్కదాని సంగతి కాదని తెలుసు. ఆరుగురిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. వచ్చే వారం మా తోడికోడల్ని కూడా రమ్మంటాను.

వెళ్ళేముందు ఆ పెన్‌డ్రైవ్ అమ్మాయి చేతికే ఇచ్చి, వచ్చే ఆదివారం ఎవరొస్తే వాళ్ళకి నువ్వే వేసిపెట్టాలి అన్నాను. బ్యాగు లోపలి జిప్పులో పెట్టుకుంది.

ఇంక మూడో మనిషి సంగతి. పన్నెండు ప్రాంతంలో ఐటీఐ కుర్రాడిలా ఉన్నవాడు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు. నేను మాస్టారి పద్యాల్లో ఉన్నాను, మిగతావాళ్ళు డ్రైవర్ గొడవలో ఉన్నారు. "కూర్చో బాబూ" అని ఎవరమూ అనలేదు. తలెత్తి చూసేసరికి లేడు. మెట్ల దాకా పరిగెత్తాను, వీధిలో కూడా కనపడలేదు. ఇంటికొచ్చి అన్నం తింటున్నా అదే బాధ. లాప్‌టాప్ తెమ్మని రాసింది నేనే. లేనివాడు ఏం తెస్తాడు? మా ఇంట్లో అటక మీద పాత డెస్క్‌టాప్ ఉంది, 2 జీబీ ర్యామ్‌ది. దించి, దుమ్ము దులిపి, సాయంత్రమంతా దానికి లినక్స్ వేశాను. ఇకమీదట అది ఆ గదిలోనే ఉంటుంది. గుమ్మం దగ్గర కూర్చునే పని కూడా వారానికొకరం పంచుకుందామని మిగతా ఐదుగురికీ ఫోన్లు చేశాను, ఒప్పుకున్నారు.

ఏడింటికి జిరాక్స్ షాపుకి వెళ్ళి, ఆ కాగితం మీదే కింద ఇంకో లైను రాశాను: "లాప్‌టాప్ లేకపోయినా రండి." షాపు ఆయన చదివి, "పొద్దున మీ గది ఎక్కడని ఒక కుర్రాడు అడిగాడండీ, ఐటీఐ అప్లికేషన్లకి ఇక్కడికే వస్తుంటాడు. కనపడితే చెప్తాలెండి" అన్నారు.